ఆకాశంలో ఏదో కనిపించింది, ఎవరికి చెప్పాలి? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి యూఎఫ్‌ఓ బృందాల పోలిక

డాబా మీద పడుకున్నప్పుడో, కళింగపట్నం బీచ్‌లో కూర్చున్నప్పుడో ఆకాశంలో అర్థం కాని వెలుగు ఒకటి కనిపిస్తుంది. ఫోన్ తీసి వీడియో తీస్తారు. ఇంట్లో చూపిస్తే ఒకరు డ్రోన్ అంటారు, ఒకరు దేవుడి మహిమ అంటారు, పక్కింటి కుర్రాడు ఏలియన్స్ అంటాడు. అసలు అదేమిటో తేల్చుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్లు అక్కడితో ఆగరు, నెట్‌లో వెతుకుతారు. యూఎఫ్‌ఓల, అంటే గుర్తు తెలియని ఎగిరే వస్తువుల రిపోర్టులు తీసుకునే అమెరికా వాళ్ల మ్యూఫాన్, న్యూఫోర్క్ కనిపిస్తాయి. ఫ్రాన్స్ ప్రభుత్వానిది గెయిపాన్ అని ఒకటుంది. ఇక్కడ చూస్తే జన విజ్ఞాన వేదిక, కాలేజీ ఆస్ట్రానమీ క్లబ్బులు. ఇన్నిట్లో దేన్ని పట్టుకోవాలో తెలియక చాలామంది ఆ వీడియోని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి ఊరుకుంటున్నారు. ఆకాశం చూడటం ఇష్టమున్నవాడిగా నాకు అది బాధగా ఉంటుంది. అందుకే ఈ పోలిక.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జవాబు కావాలంటే ముందు ఆకాశం తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లండి. యూఎఫ్‌ఓల గురించి తెలిసినవాళ్ల దగ్గరికి ఆ తర్వాత వెళ్లొచ్చు. 2012లో లడఖ్ సరిహద్దులో మన సైనికులు నెలల తరబడి వింత వెలుగులు చూసి రాసిపెట్టుకున్నారు. చైనా డ్రోన్లేమోనని అందరికీ టెన్షన్. చివరికి ఆ ముడి విప్పింది భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు. అవి శుక్రుడు, గురుడు. రాత్రీపగలూ కాపలా కాసే సైనికులకే అలా అనిపించిందంటే, మనకి అనిపించడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

## ఏవి చూసి ఎంచుకోవాలి

మొదటిది, ఆ బృందం కేసుని తేలుస్తుందా, నమోదు చేసి ఊరుకుంటుందా అన్నది. రెండూ పనికొచ్చేవే, కానీ రెండూ వేరు. ఫారం నింపి నెలల తరబడి జవాబు కోసం ఎదురుచూసేవాళ్లకి ఈ తేడా ముందే తెలిసుంటే బాగుండేది.

రెండోది, వాళ్లకి మన ఆకాశం తెలుసా? మన తీరం మీద ఏం ఎగురుతుందో అమెరికాలో కూర్చున్నవాళ్లకి తెలియదు. విశాఖ వాతావరణ కేంద్రం రోజుకి రెండుసార్లు, ఉదయం ఐదున్నర, సాయంత్రం ఐదున్నర లెక్కలకి అందేలా పరికరం కట్టిన బెలూన్ వదులుతుంది. ముప్పై కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లగలదది. డిసెంబర్‌లో మనకి నేల మీద పొద్దు గుంకినా, ఆ ఎత్తులో ఇంకా ఎండ ఉంటుంది. గాలి ఇటు తిరిగిన రోజున ఆ బెలూన్ తెల్లటి చుక్కలా మెరుస్తూ కదలనట్టే కనిపిస్తుంది. తూర్పు నౌకాదళం విమానాలు, హెలికాప్టర్లు విశాఖలోనే ఉన్నాయి. భోగాపురం విమానాశ్రయం వైపు రాకపోకలు పెరిగేకొద్దీ విజయనగరం వాళ్లకి రాత్రిపూట కొత్త లైట్లు కనిపిస్తాయి. ఒడిశా తీరంలో అబ్దుల్ కలాం ద్వీపం నుంచి క్షిపణి పరీక్షలు జరుగుతుంటాయి. 2022 డిసెంబర్ 15 సాయంత్రం అగ్ని-5 ప్రయోగించినప్పుడు బెంగాల్, ఒడిశాల్లో జనం ఆకాశంలో వింత వెలుగు చూసి హడలిపోయారు. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

మూడోది, కేసు తేలాక అది మామూలు వస్తువే అని బయటికి చెప్పే అలవాటు ఉందా? నా దృష్టిలో ఇది అన్నిటికంటే పెద్ద కొలబద్ద. తేలిన కేసులు చూపించకుండా తేలనివే చూపించే బృందాన్ని నేను నమ్మను.

ఆ తర్వాత డబ్బు, భాష, మీ పేరు గోప్యంగా ఉంచడం. ఇవి చిన్నవే కానీ ఆడపిల్లలకి, ఉద్యోగస్తులకి పేరు బయటికి రాకపోవడం చాలా ముఖ్యం.

ఒక లెక్క మనసులో పెట్టుకోండి. అమెరికా వైమానిక దళం బ్లూ బుక్ పేరుతో 1952 నుంచి 1969 దాకా నడిపిన విచారణలో మొత్తం 12,618 రిపోర్టులు చేరితే, తేలకుండా మిగిలినవి 701. అంటే నూటికి ఐదారు. ఆ విచారణకి సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రవేత్త అలన్ హైనెక్ తర్వాత 1973లో సొంతంగా ఒక అధ్యయన కేంద్రం పెట్టాడు. అక్కడ పనిచేసిన అలన్ హెండ్రీ పదమూడు వందలకి పైగా కేసులు తవ్వితే, వాటిలోనూ పదింట దాదాపు తొమ్మిది నక్షత్రాలు, గ్రహాలు, విమానాల్లాంటివే. ఈ సంగతి చెప్పినవాళ్లు యూఎఫ్‌ఓలని కొట్టిపారేసేవాళ్లు కాదు, వాటి మీద జీవితం పెట్టినవాళ్లు.

## సొంతంగా వెతకడం

ఏ బృందాన్ని ఎంచుకున్నా ఈ పని తప్పదు, అందుకే దీనికి ఎక్కువ చోటిస్తున్నాను. చూసిన అరగంటలో మీరు రాసుకున్న వివరాలే కేసు. అవి లేకపోతే ప్రపంచంలో ఏ సంస్థా ఏమీ చెయ్యలేదు.

సాక్షిని ఎలా అడగాలో ఒక ఉదాహరణ. బారువ వైపు సముద్రం మీద వెలుగు చూశానన్న ఒక పెద్దాయనతో మాట సాగిన తీరు ఇది.

"ఎంత పెద్దగా ఉంది తాతా?"

"లారీ అంత ఉంది బాబూ."

"ఎంత ఎత్తులో?"

"తాడిచెట్టంత ఎత్తు."

ఈ రెండు జవాబులూ అబద్ధాలు కావు, కానీ దేనికీ ఉపయోగపడవు. దూరం తెలియనప్పుడు సైజు ఎవరికీ తెలియదు. ప్రశ్న మార్చాలి.

"చెయ్యి చాచి చిటికెన వేలు అడ్డం పెడితే అది కప్పడిపోయేదా తాతా?"

ఆయన చెయ్యి చాచి, ఒక కన్ను మూసి చూసి, "ఏలంతా ఎందుకు బాబూ, గోరు సాలును" అన్నాడు.

చాచిన చేతి చిటికెన వేలు ఆకాశంలో దాదాపు ఒక డిగ్రీ, బిగించిన పిడికిలి పది డిగ్రీలు, చందమామ అర డిగ్రీ. కాబట్టి ఆ వెలుగు ఒక డిగ్రీ కంటే తక్కువే. ఎటువైపు అంటే పక్కింటి కొబ్బరిచెట్టు మీదుగా వేలు చూపించాడు. ఎంతసేపు ఉందంటే భోజనం చేసి వచ్చినా అక్కడే ఉందన్నాడు. మర్నాడు అదే వేళకి అదే కొబ్బరిచెట్టు మీద అదే వెలుగు. గురుగ్రహం. పెద్దాయన దాన్ని ఫోన్‌లో, ఆకాశపటం చూపించే స్టెల్లేరియం యాప్‌లో చూసి, మనవణ్ని పిలిచి మరీ చూపించాడు.

రాసుకోవాల్సినవి: తేదీ, నిమిషంతో సహా సమయం, నిలబడ్డ చోటు, దిక్కు, పిడికిళ్లలో ఎత్తు, ఎంతసేపు, ఎటు కదిలింది, చప్పుడు ఉందా, మబ్బులు ఉన్నాయా. ఇద్దరు చూస్తే ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే విడివిడిగా రాయండి. బొమ్మ కూడా గీయండి. ఫోన్ వీడియోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది, సమయం వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైల్ ఫోన్లోంచి తీసెయ్యకండి. జూమ్ చేసినప్పుడు ఫోకస్ కుదరక ఏ నక్షత్రమైనా గుండ్రటి పళ్లెంలా కనిపిస్తుంది. అందుకే పక్కనున్న స్తంభమో, డాబా అంచో ఫ్రేములోకి వచ్చేలా జూమ్ లేకుండా ఒక వీడియో తీసి ఉంచండి.

తర్వాత ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోవాలి. గ్రహాలకి స్టెల్లేరియం, అది ఉచితం. ఉపగ్రహాలకి, అంతరిక్ష కేంద్రానికి హెవెన్స్ అబవ్ వెబ్‌సైట్. విమానాలకి ఫ్లైట్‌రాడార్24, గడిచిన రోజుల రాకపోకలు కూడా వెనక్కి తిప్పి చూడొచ్చు. నౌకాదళం విమానాలు అందులో కనిపించకపోవచ్చు, కాబట్టి అక్కడ లేదంటే విమానం కాదని అనుకోకండి. వరసగా, దండ కట్టినట్టు వెళ్లే చుక్కలైతే స్టార్‌లింక్ ఉపగ్రహాలు. 2019 మేలో మొదటి 60 ఒకేసారి ఎగిరిన దగ్గర్నుంచి ప్రపంచమంతా ఈ రిపోర్టులు వస్తున్నాయి. ప్రయోగం జరిగిన కొద్దిరోజులపాటు, పొద్దుగుంకిన తర్వాతో తెల్లవారకముందో కనిపిస్తాయి. జాతరలప్పుడు వేసే స్కై లైట్లు మబ్బుల మీద గుండ్రంగా తిరుగుతాయి. పైడితల్లి పండగ వానలు పూర్తిగా పోని రోజుల్లో వస్తుంది కాబట్టి విజయనగరంలో ఇది గుర్తుంచుకోవాలి. అన్నీ చూశాకా మిగిలిందే నిజమైన కేసు.

ఒంటరిగా చేసేవాళ్లకి ఉన్న చిక్కల్లా ఒక్కటే, తన నిర్ణయాన్ని ప్రశ్నించేవాళ్లు పక్కన లేకపోవడం.

## స్థానిక ఖగోళ బృందాలు, జన విజ్ఞాన వేదిక

ఆ లోటు తీర్చేది వీళ్లే. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదికలో సైన్స్ టీచర్లు చాలామంది. గ్రహణాలప్పుడు జనాన్ని పోగుచేసి చూపించడం వాళ్లకి అలవాటే. ఇంజనీరింగ్ కాలేజీల్లో టెలిస్కోప్ ఉన్న కుర్రాళ్లు దొరుకుతారు. వీళ్లకి యూఎఫ్‌ఓ ఫారాలు, కేసు నంబర్లు ఉండవు. కానీ తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు, అన్నిటికీ మించి మీ ఊరికి బైక్ మీద వచ్చి మీరు నిలబడ్డ చోటే నిలబడి చూడగలరు. దీనికి సాటి ఏ విదేశీ సంస్థలోనూ లేదు.

లోపం కూడా చెప్పాలి. కొందరు వినకుండానే "మూఢనమ్మకం" అని కొట్టిపారేస్తారు. సాక్షి మళ్లీ నోరు తెరవడు. అలాంటివాళ్లు తగిలితే ఇంకొకరిని వెతుక్కోండి, బృందాన్నే వదిలెయ్యకండి.

మన ప్రాంతంలో ఈ పనికి పాత పునాది ఉంది. గోడే వెంకట జగ్గారావు 1840లోనే విశాఖలో సొంత డబ్బుతో వేధశాల కట్టాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874లో సూర్యుడి ముందునుంచి శుక్రుడు దాటిపోవడాన్ని అక్కణ్నుంచే గమనించాడు. ఏ యూనివర్సిటీలోనూ ఉద్యోగాలు లేని ఔత్సాహికులు వాళ్లు. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

## న్యూఫోర్క్

1974 నుంచి నడుస్తున్న అమెరికా నమోదు కేంద్రం. ఏ దేశం నుంచైనా ఆన్‌లైన్‌లో రిపోర్టు ఇవ్వొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పేరు బయటపెట్టకుండా మీ కథనం ప్రచురిస్తారు. స్టార్‌లింక్ అని అనుమానం వస్తే ఆ సంగతి పక్కన రాస్తారు, అది మంచి అలవాటు. అయితే ఇంగ్లీషులో రాయాలి, ఎవరూ వచ్చి విచారించరు. మీ కేసు రికార్డులో ఉండాలి, రేపు బరంపురంలోనో పూరీలోనో అదే రాత్రి చూసినవాళ్లు వెతికితే దొరకాలి అనుకుంటే ఇది చాలు. సమయం మన గడియారం ప్రకారమా, ప్రపంచ ప్రామాణిక సమయం ప్రకారమా అని ఫారంలో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఐదున్నర గంటల తేడా కేసుని పాడుచేస్తుంది.

## మ్యూఫాన్

1969లో అమెరికాలో పుట్టింది. ఇందులో పెద్ద ఆకర్షణ శిక్షణ. మాన్యువల్ చదివి పరీక్ష పాసైతే క్షేత్ర పరిశోధకులు అవుతారు. సాక్షిని ఎలా అడగాలి, కేసు ఎలా రాయాలి అన్నది ఒక పద్ధతిలో నేర్పిస్తారు. ఊరికే రిపోర్టు ఇవ్వడానికి డబ్బు అక్కర్లేదు కానీ సభ్యత్వానికి, మాన్యువల్‌కి డాలర్లలో కట్టాలి.

డిగ్రీ చదివే పిల్లలు ఈ డబ్బు గురించి అడిగినప్పుడు నేను వద్దనే అంటాను. అదే డబ్బుకి కొంత కలిపితే మంచి బైనాక్యులర్ వస్తుంది, అది పదేళ్లు పనికొస్తుంది. ఇంకో సంగతి. అక్కడ చేరేవాళ్లలో గ్రహాంతరవాసులు వస్తున్నారని ముందే నమ్మి వచ్చేవాళ్లు ఎక్కువ. ఆ వాతావరణంలో "ఇది శుక్రుడే" అని చెప్పడానికి గట్టి మనసు కావాలి. సంపాదన ఉండి, ఇంగ్లీషు బాగా వచ్చి, ఈ పనిని ఏళ్ల తరబడి చెయ్యాలనుకునే వాళ్లకైతే చేరమనే చెప్తాను.

## గెయిపాన్: చేరడానికి కాదు, నేర్చుకోవడానికి

ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థలో భాగంగా టూలూజ్‌లో ఉంది. 1977లో మొదలై, పేర్లు మారుతూ వచ్చింది. ఫ్రాన్స్ భూభాగంలో కేసులే తీసుకుంటుంది కాబట్టి మనం పంపినా లాభం లేదు. అయినా నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి వీళ్లదే. ప్రతి కేసుకీ ఒక అక్షరం ఇస్తారు. కచ్చితంగా తేలితే ఏ. దాదాపుగా తేలితే బీ. సమాచారం చాలక తేలకపోతే సీ. సమాచారం బాగా ఉండి, విచారణ చేసినా తేలకపోతే డీ. సీ, డీ మధ్య గీత గీయడంలోనే వాళ్ల నిజాయితీ ఉంది. మన దగ్గర "తేలలేదు" అని చెప్పుకునే వీడియోలు దాదాపు అన్నీ సీ లోకే వస్తాయి. ఫ్రాన్స్‌లో డీ మిగిలేది నూటికి మూడు దగ్గర. కేసులన్నీ, తేలినవాటితో సహా, జనం చదువుకునేలా 2007 నుంచి నెట్‌లో పెడుతున్నారు.

మనకి ఇలాంటిది లేదు. 2023 నవంబర్ 19న ఇంఫాల్ విమానాశ్రయం మీద గుర్తు తెలియని వస్తువు కనిపించి విమానాలు ఆపేశారు, రఫేల్ యుద్ధవిమానాలని వెతకడానికి పంపారు, ఏమీ దొరకలేదు. అది ఏ అనాలో, సీ అనాలో, డీ అనాలో మనం చూసుకోవడానికి బహిరంగ ఫైల్ లేదు. ఈ విషయంలో నాకు గట్టి అసంతృప్తి ఉంది. అందుకే జిల్లా స్థాయిలోనైనా మన రికార్డులు మనం ఈ నాలుగు అక్షరాలతో పెట్టుకోవాలంటాను.

## మిగతావి

కొన్ని సెకన్లలో ఆకాశం చీల్చుకుంటూ పోయిన వెలుగైతే యూఎఫ్‌ఓ బృందాల జోలికే వెళ్లకండి, అంతర్జాతీయ ఉల్కా సంస్థ ఫారం నింపండి. నాలుగు ఊళ్ల నుంచి రిపోర్టులు వస్తే దారి లెక్కకట్టగలుగుతారు. నాసా 2023 సెప్టెంబర్‌లో ఇచ్చిన నివేదిక చదవడానికి బాగుంటుంది. గ్రహాంతర మూలాలకి ఆధారం లేదని, అసలు సమస్య నాణ్యమైన డేటా లేకపోవడమని అందులో చెప్పారు. కానీ నాసా మన రిపోర్టులు తీసుకోదు. అమెరికా రక్షణ శాఖ పెంటగాన్‌లో ఇలాంటి కేసులు చూసే విభాగం కూడా అంతే.

| ఎవరు | తేలుస్తారా | మన ఆకాశం తెలుసా | ఖర్చు | భాష |
|---|---|---|---|---|
| సొంతంగా | చాలావరకు | తెలుసుకోవచ్చు | లేదు | తెలుగు |
| స్థానిక ఖగోళ బృందం | అవును, చోటుకి వచ్చి | బాగా | లేదు | తెలుగు |
| న్యూఫోర్క్ | నమోదు మాత్రమే | తెలియదు | లేదు | ఇంగ్లీషు |
| మ్యూఫాన్ | ప్రయత్నిస్తారు, దూరం నుంచి | తెలియదు | సభ్యత్వానికి డాలర్లు | ఇంగ్లీషు |
| గెయిపాన్ | ఫ్రాన్స్ కేసులే | తెలియదు | లేదు | ఫ్రెంచి |
| ఉల్కా సంస్థ | రాలిన ఉల్కలైతే | అక్కర్లేదు | లేదు | చాలా భాషలు |

## వస్తువు దొరికితే దారి వేరు

వెలుగు కాకుండా వస్తువే నేల మీదో నీళ్లలోనో కనిపిస్తే ఏ బృందమూ వద్దు, పోలీసులకి చెప్పండి. 2022 మేలో అసని తుఫానప్పుడు సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథం కొట్టుకొచ్చినప్పుడు మత్స్యకారులు ఒడ్డుకి లాగారు, పోలీసులు వచ్చి చూశారు, నిఘా వర్గాలకి కబురు వెళ్లింది. అదీ సరైన వరస. సముద్రం మీద అనుమానం అయితే తీర భద్రత నంబర్ 1093, మామూలుగా 112.

2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌ల మీదుగా నిప్పులు చెరుగుతూ పోయిన చైనా రాకెట్ ముక్కల్లో ఒక పెద్ద లోహపు చక్రం చంద్రపూర్ జిల్లా సిందేవాహీ దగ్గర పడింది. అలాంటివాటికి విషపూరిత ఇంధనం అంటుకుని ఉండొచ్చు, ముట్టుకోకూడదు. అదే ఏడాది డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలంలో దిగిన గుండ్రటి పెట్టె చుట్టూ జనం ఎగబడి ఫోటోలు దిగారు. అది హైదరాబాద్‌లో టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన ప్రయోగ వాహనం. ప్రమాదం జరగలేదు గానీ, ఎగబడటం మంచిది కాదు.

## ఎవరికి ఏది

ఒక్కసారి చూశారు, అదేమిటో తెలిస్తే చాలు అనుకుంటే: సొంతంగా తనిఖీ, తర్వాత దగ్గర్లోని సైన్స్ టీచరు. చాలామందికి పని ఇక్కడితోనే అయిపోతుంది.

అన్నీ తనిఖీ చేసినా తేలలేదు, వివరాలు గట్టిగా ఉన్నాయి అనుకుంటే న్యూఫోర్క్‌లో నమోదు చెయ్యండి. ఒక కాపీ మీ దగ్గరా ఉంచుకోండి.

రాత్రిపూట సముద్రం మీద ఉండే మత్స్యకారులు, ఘాట్‌లో బండి నడిపే డ్రైవర్లు మనందరికంటే ఎక్కువ ఆకాశం చూస్తారు. వాళ్లకి ఫారాలు ఇచ్చి లాభం లేదు. వాళ్ల మాట ఓపిగ్గా విని, నిమిషం, దిక్కు, పిడికిళ్లు రాసిపెట్టే చదువుకున్న కుర్రాడు ఊరికి ఒకడుంటే చాలు.

పేరు బయటపడుతుందని భయపడే వాళ్లు స్థానిక బృందంలో నమ్మకమైన ఒక్కరికే చెప్పండి. చిన్న ఊళ్లో మాట ఇట్టే పాకుతుంది.

టీచర్లు, కాలేజీ క్లబ్బుల వాళ్లు మాత్రం ఇంకొంచెం పెద్ద పని పెట్టుకోవచ్చు. ఒక రిజిస్టర్, నాలుగు అక్షరాలు, సంతకం పెట్టిన తేదీలు. విశాఖ బెలూన్ వేళలు, ఒడిశా క్షిపణి పరీక్షల ముందు విమానాలకి ఇచ్చే నోటామ్ హెచ్చరికలు, ఆ నెల గ్రహాలు ఎక్కడుంటాయో మొదటి పేజీలో అంటించండి. ఏ, బీ అని తేలిన కేసులు నోటీసు బోర్డు మీద పెట్టండి, చూసినవాళ్ల పేర్లు తీసేసి. డీ వచ్చిన కేసు ఉంటే దాన్ని శ్రీకాకుళం క్లబ్బు విజయనగరం క్లబ్బుకి పంపాలి. మీ నిర్ణయం ఏమిటో చెప్పకుండా, రాసుకున్న వివరాలు మాత్రమే ఇచ్చి.